నేలదా, చెవిదా

మొదటి దెబ్బకే తారు పెళ్లగా లేచింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. నోరు జారిన మాటా, మొదలెట్టిన గొయ్యీ ఒకటే, పూడ్చుకోవచ్చు గానీ లేదనిపించుకోలేం. నీళ్ల ఆఫీసులో అందరూ చెవిబాబాయి అని పిలిచే ఆయన కాలిబాట అంచు మీద కూర్చుని, తాను సుద్దతో గీసిన గుండ్రటి గుర్తు గడ్డపార కింద ముక్కలవుతుంటే చూస్తున్నాడు. భుజానికి వచ్చేంత ఇనుప రాడ్డు, దాని పై కొసన చెవికి ఆనించుకునే చెక్క గిన్నె, ఆయన పనిముట్టల్లా అదే. ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొసకు చెవి అప్పగించి, నేల లోపల ఏ గొట్టం ఎక్కడ చిల్లిపడి నీళ్లు కారుతున్నాయో చెప్పడం ఆయన ఉద్యోగం. చిల్లిలోంచి నీళ్లు చిమ్మేటప్పుడు సుయ్యిమని ఒక సన్నటి చప్పుడు వస్తుంది. పొద్దున్నే, వీధి ఇంకా నిద్ర లేవకముందు, ఆ చప్పుడు ఇక్కడే, ఈ బేకరీకి ఎదురుగానే వినిపించింది. వినిపించిందా? వినిపించింది. ఇప్పుడూ వినిపిస్తోంది, రాడ్డు లేకుండానే, గడ్డపార దెబ్బల మధ్య నుంచి, అటు పోతున్న లారీ హారన్ మధ్య నుంచి, సుయ్యిమని, ఎడమ చెవిలో. వచ్చిన చిక్కల్లా అదే.

రెండు చప్పుళ్లదీ ఒకే గొంతు. కుక్కరు కూత పెట్టే ముందు ఆవిరి సందు వెతుక్కుంటుందే, ఆ గొంతు. కవలల్లో ఎవరెవరో తల్లికి తెలుస్తుందంటారు. ఈయనకు మాత్రం తెలియడం లేదు, నేలది ఏదో, చెవిది ఏదో. పోయిన నెల టైలరు కొట్టు ముందు కూడా ఇలాగే సుద్ద గీశాడు. మెషీను పెట్టి చూసిన ఇంజనీరు అమ్మాయి "ఇక్కడేం లేదంటోంది బాబాయ్ గారూ" అన్నా వినకుండా, ఉందమ్మా, నా మాట విను అన్నాడు. తవ్వారు. గొట్టం పొడిగా, నిక్షేపంలా పడుకుని ఉంది. టైలరు మెడలో టేపుతో బయటికొచ్చి గోతిలోకి తొంగిచూసి, "కొండను తవ్వి ఎలుకను పట్టారని విన్నాం గానీ, మీకు ఎలుకైనా దొరకలేదే!" అన్నాడు. అందరితో పాటు ఈయనా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. పైవాళ్లు అడిగితే ఆ అమ్మాయి పొరపాటు తనదేనని చెప్పుకుంది. కూతురి వయసు పిల్ల. ఈయన మూలంగా మాట పడింది, అయినా ఒక్కసారి కూడా ఈయన వైపు అదోలా చూడలేదు, అలా చూసినా కాస్త తేలిగ్గా ఉండేది.

అసలు అది చెవిలో ఉందని మొదట ఎవరనుకున్నారు? ఒక సెలవురోజు భోంచేసి నడుం వాల్చాడో లేదో, సుయ్యిమంది. ఇంట్లో గొట్టం కారుతోందనుకున్నాడు. బతుకంతా గొట్టాలతో గడిపినవాడికి అంతకంటే ఏం తోస్తుంది? ఊరందరి ఇళ్లకూ నీళ్లు అందించేవాడి ఇంట్లోనే కారడమా అని రోషం కూడా వచ్చింది. రాడ్డు తీసుకుని వంటింటి కొళాయి దగ్గర పెట్టాడు, ఉంది. పెరటి గోడకు పెట్టాడు, ఉంది. మేడ మీద ట్యాంకుకు పెట్టాడు, అక్కడా ఉంది. ఇంత బుద్ధున్న మనిషికి అప్పుడైనా అనుమానం రావద్దూ? రాలేదు. ఇల్లంతా కారుతోందని తేల్చి, స్నానాలగదిలో కాస్త ఎక్కువగా ఉందని నిర్ధారించి, సుత్తీ ఉలీ తెచ్చి గచ్చు పగలగొట్టాడు. గచ్చు అయ్యాక గోడ. భార్య గుమ్మంలో నిలబడి, చీపురు చేతిలో పట్టుకుని, గోడ పెళ్లలు రాలడం చూసింది. ఆ తర్వాత, "గచ్చయింది, గోడయింది, ఇక మిగిలింది నా నెత్తి. అదీ కానివ్వండి, ఒక పనైపోతుంది" అంది. ఆ మాటకు నవ్వబోయి, సున్నం దుమ్ము పడిందని చేతులతో ముఖం మూసుకున్నాడు, వేళ్లు చెవుల మీద కూడా పడ్డాయి, చప్పుడు తగ్గాల్సింది పోయి పెరిగింది. మళ్లీ తీశాడు, మళ్లీ మూశాడు. స్నానాలగది గోతిలో మోకాళ్ల మీద ఉన్న మనిషికి అప్పుడు తెలిసింది, కారుతోంది గొట్టం కాదని.

నువ్వొకసారి విను, అని బతిమాలాడు ఆమెను. తన చెవికి చెవి ఆనించి వింది. ఏం లేదండీ అంది. అలా కాదు అని రాడ్డు కింది కొసను తన కణతకు పెట్టుకుని, గిన్నె ఆమె చెవికి పెట్టాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆ రాడ్డు ముట్టుకోవడం అదే మొదలు, ఇంట్లో మూల నిలబెడితే అడ్డమని కసిరేది. ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని, నిజంగా కష్టపడి వింది. ఆమె కనురెప్పల మీద సున్నం దుమ్ము. "ఏదో వినిపిస్తోందండీ" అంది చివరికి. నిజంగానా అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టయింది, ఎవరో ఒకరికి వినిపిస్తే అది ఉన్నట్టే కదా, ఉన్నదాన్ని పట్టుకుని ఆపొచ్చు కదా. ఆవిడ కళ్లు తెరిచి ఈయన ముఖం చూసింది. "మీ కోసం వినిపించిందనుకోండి" అని, లోపలికెళ్లి టీ పెట్టింది. ఆ గదికి ఇప్పటికీ గచ్చు వేయించలేదు, ఇవాళా రేపా అంటూనే ఉన్నాడు.

గడ్డపార దెబ్బ చప్పుడు మారింది. తారు దాటారు, కంకరలోకి దిగారు. తవ్వేవాళ్ల మేస్త్రి పొట్టిగా, పనిలో ఉన్నంతసేపూ తనలో తాను ఏదో తిట్టుకుంటూ ఉండే మనిషి, ఈయన కేసి చూసి చెయ్యి ఊపాడు, నమ్మకంగానే. మేస్త్రి నమ్మకం కూడా ఒక బరువే. చెవుల డాక్టరు అసలు నమ్మకం మాటే ఎత్తలేదు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, వినిపిస్తే మీట నొక్కమన్నాడు. ఈయన నొక్కుతూనే ఉన్నాడు. బయటికి రాగానే, "నేను ఏ శబ్దమూ పెట్టనప్పుడు కూడా నొక్కారండీ" అని నవ్వాడు. మంచివాడే, కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చెప్పాడు. వయసూ పనీ రెండూ కలిశాయి, ప్రమాదం కాదు, పోయేదీ కాదు. "దాంతో కాపురం చెయ్యడం నేర్చుకోవాలి. పట్టించుకోకండి. మీరు ఎంత వింటే అది అంత పెరుగుతుంది. వినడం మానేశారనుకోండి, కొన్నాళ్లకు మెదడే దాన్ని ఓ మూల కూర్చోబెడుతుంది." ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయమన్నాడు. వదిలేద్దామంటే అది బయటి నుంచి వచ్చిందైతే కదా, బయటికి పోవడానికి. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోందంటాం, ఎవరైనా విసిగిస్తే. ఇది నిజంగానే కట్టుకుంది, అద్దె లేదు, ఖాళీ చేయమని అడిగే దిక్కూ లేదు.

పోనీ నేర్చుకోలేదా అంటే నేర్చుకున్నాడు, అదే వింత. ఒక సాయంత్రం భార్యతో కూర్చుని బఠానీలు వలుస్తున్నాడు. ఆవిడ ఎదురింటివాళ్ల కుక్క గురించి చెబుతోంది, కుక్కకు దగ్గు పట్టుకుందనీ, అది దగ్గితే అచ్చం వాళ్ల మామగారు దగ్గినట్టే ఉంటుందనీ. ఈయన పడీ పడీ నవ్వాడు. గిన్నె నిండాక గానీ తట్టలేదు, ఇంతసేపూ చప్పుడు జ్ఞాపకమే రాలేదని. ఆ రాత్రి పసిపిల్లాడిలా నిద్రపోయాడు, వచ్చేసింది, డాక్టరు చెప్పిన విద్య పట్టుబడింది అనుకుని. మర్నాడు ఒక వీధిలో రాడ్డు పెట్టుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఏమీ లేదు పదండి అన్నాడు. వెనకాల వస్తున్న పనివాడు ఒంటికాలి మీద నిలబడి, "బాబాయ్, నా బూటులోకి నీళ్లొచ్చాయి" అన్నాడు. గొట్టం అక్కడే కారుతోంది, రోడ్డు బీటలోంచి పైకి కూడా ఉబుకుతోంది. మెదడు ఓ మూల కూర్చోబెట్టింది కదా, చెవి చప్పుడొక్కదాన్నే కూర్చోబెట్టడం దానికేం తెలుసు, దాని పక్కన నేల చప్పుణ్నీ కూర్చోబెట్టేసింది. వింటే లేనిది ఉన్నట్టు చెబుతాడు, వినకపోతే ఉన్నది లేదంటాడు. ఆ తర్వాత ఇక వినడం మానలేకపోయాడు, భయం వేసి.

ఈ పని నేర్పింది మేనమామ. గట్టిగా నోరు విప్పని మనిషి, పెళ్లిలో కూడా గుసగుసగానే మాట్లాడేవాడు. మేనల్లుణ్ని వీధిలో నిలబెట్టి, ఏం వినిపిస్తోందిరా అనేవాడు. బస్సు. బస్సు పక్కన పెట్టు, ఇంకా? కాకి. కాకిని పక్కన పెట్టు, ఇంకా? ఎవరో దగ్గుతున్నారు. పక్కన పెట్టు. అలా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టగా పెట్టగా చివరికి ఏమీ మిగిలేది కాదు, ఆ ఏమీ లేనితనం ఎంత బాగుండేదో అప్పుడు తెలియలేదు, చల్లగా, విశాలంగా, ఊడ్చిన గదిలా ఉండేది. ఆ గదిలోకి నేల లోపలి నీటి చప్పుడు ఒక్కటే వచ్చేది. గిన్నెకు చెవి పెట్టి ఈయన జానెడు ఇటూ అటూ కాకుండా చోటు చూపించేవాడు. ఇప్పుడు అన్నీ పక్కన పెడతాడు, బస్సునూ కాకినీ దగ్గునూ. గది తలుపు తీస్తే లోపల ముందే ఎవరో కూర్చుని ఉంటారు. మేనమామ ఉంటే అడిగేవాడు, మామయ్యా, దీన్నెక్కడ పెట్టను అని. ఆయనా ఏదో గుసగుసగా చెప్పేవాడు, అది ఈ హోరులో వినిపించేది కాదు.

"ఎంతవరకొచ్చింది బాబాయ్ గారూ?" ఇంజనీరు అమ్మాయి వచ్చి పక్కనే కాలిబాట మీద కూర్చుంది, తల మీద హెల్మెట్, చేతిలో బేకరీ నుంచి తెచ్చిన రెండు బన్నులు. ఒకటి ఈయనకిచ్చింది. పొద్దున మెషీను ఏదీ తేల్చలేదు, బేకరీ మోటారు చప్పుడు అందులో కలిసిపోయింది. "మీరెక్కడంటే అక్కడే" అందప్పుడు. అప్పుడే చెప్పాల్సింది, అమ్మా, ఇది నా వల్ల కాదు అని. నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎత్తు మీదున్న ఇంట్లో, పై అంతస్తు మామ్మగారు కిటికీ తెరిచి, "నాయనా, ఇవాళైనా వస్తాయా?" అని అరిచింది. వీధి దిగువన ఉన్నవాళ్లకు సన్నగానైనా వస్తున్నాయి, పైనున్నవాళ్లకు చుక్క లేదు. ఆ మామ్మగారు కిందికి దిగి, బకెట్టు నింపుకుని, మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కుతోంది రోజూ. వస్తాయి మామ్మగారూ అన్నాడు ఈయన. అనేశాక ఎక్కడో ఒకచోట సుద్ద గీయాలి కదా. మళ్లీ రాడ్డు పెట్టాడు. నేలకు ఆనించగానే చప్పుడు పెరిగింది, ఖాయంగా పెరిగింది, ఎత్తితే తగ్గింది. పట్టుకున్నాను అనుకున్నాడు. సుద్ద గీసి లేచాక డాక్టరు మాట గుర్తొచ్చింది, మీరు ఎంత వింటే అది అంత పెరుగుతుంది. రాడ్డు ఆనించినప్పుడే కదా వినేది.

బన్ను చేతిలోనే ఉండిపోయింది. గొట్టం పొడిగా ఉంటే ఏమవుతుంది? ఉద్యోగంలోంచి తీసెయ్యరు, బిల్లుల కౌంటరులో కూర్చోబెడతారు, వెనకాల ఫ్యాను, ముందు జనం, ఎవరూ చెవితో పనిచెయ్యరక్కడ. భార్య సంతోషిస్తుంది కూడా, ఎండలో తిరగక్కర్లేదని. కానీ చెవిబాబాయిలోంచి చెవి తీసేస్తే మిగిలేదేమిటి, బాబాయి. ఇల్లంతా, వీధంతా బాబాయిలే. ఏడుపు ముంచుకొచ్చింది, చెవుల మనిషికి కళ్ల నీళ్లేమిటని మింగేశాడు. ఈసారి పొడిగా ఉంటే ఈ పిల్ల మళ్లీ తనదే తప్పంటుంది, అనకుండా ఉండదు, అదొక్కటే భరించలేడు. పొడిగా ఉంటే చెప్పేద్దాం, గోతి ఒడ్డున, అందరి ముందూ. పొడిగా ఉంటేనే బాగుండును అని ఒక క్షణం అనిపించింది. అనిపించినందుకు మామ్మగారి కిటికీ వైపు చూడలేకపోయాడు.

"గొట్టం తగిలింది!" అన్నాడు మేస్త్రి.

లేచి వెళ్లారు ఇద్దరూ. పార పక్కన పెట్టి మేస్త్రి చేతులతో మట్టి తోశాడు. నల్లటి గొట్టం వీపు కనిపించింది. మట్టి తీసి ముద్ద చేయబోతే పొడిపొడిగా రాలింది. చెయ్యి గొట్టం కిందికి పోనిచ్చి, తీసి, అరచెయ్యి చూపించాడు. పొడి. మేస్త్రి తిట్టుకోవడం మానేశాడు. బేకరీవాడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల మాత్రం అది సుయ్యిమంటూనే ఉంది, ఏమీ ఎరగనట్టు, తన పని తాను చేసుకుపోతూ. సిగ్గు కూడా లేదు దానికి. ఇంజనీరు అమ్మాయి నెమ్మదిగా, "పర్లేదు బాబాయ్ గారూ, నేను మాట్లాడతాను" అంది.

"నువ్వు మాట్లాడకమ్మా. నేను చెబుతాను. నా చెవి..."

పోతూ పోతూ విసుగు తీర్చుకోవడానికేనేమో, మేస్త్రి గడ్డపార ఎత్తి గోతి పక్క గోడలో ఒక్క పోటు పొడిచాడు. మట్టి పెళ్ల విరిగిపడింది, దాని వెనకాల మట్టి నల్లగా ఉంది, ఇంకో పోటుకు బురద, ఆ తర్వాత బురదను చీల్చుకుని నీళ్లు, నిలువెత్తున, మేస్త్రి ముఖం మీదికి, బేకరీ అద్దం మీదికి. పనివాళ్లు కేకలు పెడుతూ పైకి దూకారు. ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మాయి హెల్మెట్ తీసేసి తడిసిన ముఖంతో నవ్వుతూ ఈయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. "బారెడు ఇటుగా! అంతే బాబాయ్ గారూ, బారెడే! ఇందాక ఏదో అంటున్నారు?"

"ఏం లేదమ్మా" అన్నాడు.

బారెడు. జానెడు కూడా తప్పని మనిషికి బారెడు. విన్నాడా, గుడ్డిగా గీశాడా? చెవి చెప్పిందా, మామ్మగారి కేక చెప్పిందా? ఇక ఎప్పటికీ ఎవరూ చెప్పలేరు, నీళ్లు పడ్డాయి కాబట్టి ఎవరూ అడగరు కూడా. పొడిగా ఉంటే నోరు తెరుచుకునేది, నీళ్లు వచ్చి దాన్ని మూసేశాయి. ఇలా అనుకుంటూ, చిమ్ముతున్న నీళ్లనే చూస్తూ నిలబడ్డవాడికి, ఏదో తేడాగా తోచింది. ఏమిటో వెంటనే అర్థం కాలేదు. చెప్పుల్లో నీళ్లు. చొక్కా తడి. నీటి చప్పుడు గట్టిగా, వీధంతా నిండి. నీటి చప్పుడు మాత్రమే. ఎడమ చెవి లోపలికి వెళ్లి వెతికాడు, లేదు. తలకాయంతా వెతికాడు, లేదు. ఇంట్లో ఫ్యాను వేస్తే లొంగలేదు, రేడియో పెడితే లొంగలేదు, లోపలిదీ బయటిదీ ఒకే గొంతు కదా, పెద్దది వచ్చి చిన్నదాన్ని కప్పేసింది. స్నానాలగది గచ్చు పగలకముందు లోకం ఇలా ఉండేది. మెడ నరాలు వదులయ్యాయి, అవి బిగుసుకుని ఉన్నాయని కూడా తెలియదు ఇన్నాళ్లూ. పక్కనున్న మనుషులు నవ్వుతుంటే ఒక్కొక్కరి నవ్వూ విడివిడిగా కనిపించింది.

"కట్టేయించమంటారా?" మేస్త్రి చెవి దగ్గరికొచ్చి అరిచాడు. వీధి చివర వాల్వు దగ్గర మనిషి దాన్ని తిప్పే తాళంకర్ర పట్టుకుని ఈయన చెయ్యి కోసమే చూస్తున్నాడు. చోటు చూపించినవాడే కట్టేయమని చెయ్యి ఎత్తడం వాళ్లలో ఆనవాయితీ.

"కాస్త ఉండండి" అన్నాడు.

ఉన్నారు. చెవిబాబాయి ఏదో చూస్తున్నాడనుకున్నారు. ఈయన కళ్లు మూసుకున్నాడు. ఇంకొంచెం, ఇంకొక్క కొంచెం. "నీళ్లన్నీ పోతున్నాయి బాబాయ్ గారూ" అంది అమ్మాయి. నీళ్లు దిగువకు పరుగెడుతున్నాయి, కాలవలోకి. అవి మామ్మగారి నీళ్లు. పైన కిటికీలోంచి ఆవిడ ఏదో అరుస్తోంది, తిట్టో దీవెనో, రెండు చేతులూ ఊపుతోంది. తన నిమ్మళానికి ఆవిడ బకెట్లు పారబోస్తున్నాడు, ఆ సంగతి ఆవిడకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఇంత మంచి క్షణం దొంగసొత్తు అయి కూర్చుంది. చెయ్యి దానంతటది లేవలేదు, లేపాల్సి వచ్చింది.

వాల్వు మనిషి చుట్టు తర్వాత చుట్టు తిప్పాడు. నిలువెత్తు నీళ్లు నడుమెత్తు అయ్యాయి, మోకాలెత్తు, ఆపైన గొట్టం మీద ఒక బుడగ, అదీ లేదు. అంతటా నిశ్శబ్దం అలుముకుంది, అందరికీ. "రేపు స్కూలు వెనక వీధి బాబాయ్ గారూ" అంది అమ్మాయి ముఖం తుడుచుకుంటూ, "మెషీను తీసుకురాను, మీరుంటే చాలు." మేస్త్రి రాడ్డు తెచ్చి చేతికిచ్చాడు. గొట్టానికి పట్టీ బిగించే ముందు వాల్వు పూర్తిగా పడిందో లేదో విని చెప్పాలి, అదీ ఈయన పనే. గోతిలోకి దిగి, బురదలో మోకాలు ఆనించి, రాడ్డు గొట్టం మీద పెట్టి గిన్నెకు చెవి ఆనించాడు. మీద నిలబడ్డవాళ్లు మాటలు ఆపేశారు, కాళ్లు కూడా కదపలేదు.

"ఏమైనా వినిపిస్తోందా బాబాయ్?"

సుయ్యిమంటోంది.

"లేదు" అన్నాడు. "ఆగింది."